వెన్నుపాము వైద్యము – మన అహింసావ్రతము

గడచిన 2025 పర్యూషణ దినములలో మా బీదరులో ఒక సాయంకాలము పది పన్నెండుమంది వర్తకులము కూర్చుండి దానద్రవ్యమును గురించి మాట్లాడుకొన్నాము. ఆ యేడు కొంత సొమ్ము మిగిలినది. దానిని ఔషధదానమునకు వినియోగింపవలెనని అందరికిని సమ్మతమే. వెన్నుపాము దెబ్బతిని కాళ్లు చచ్చుబడినవారికి కొత్త వైద్యము కనుగొనుటకు దేశదేశములలో పరిశోధనలు జరుగుచున్నవనియు, మన సొమ్ము అట్టి పరిశోధనకు పంపితే బాగుండుననియు ఒక యువకుడు ప్రతిపాదించినాడు. అంతలో ఒక పెద్దాయన “ఆ పరిశోధన దేనిమీద చేస్తారు నాయనా?” అని అడిగినారు. యువకుడు కొంచెము తటపటాయించి “ఎలుకల మీదండీ” అన్నాడు. “ఎలుకకు వెన్ను విరిగే జబ్బు ఎట్లా వస్తుంది?” అని పెద్దాయన మరల అడిగినారు. దానికి జవాబు అక్కడున్న అందరికిని తెలుసు. ఎవ్వరును చెప్పలేదు. ప్రతిపాదన అంతటితో ఆగిపోయినది.

ఆనాడు నేనును పెద్దాయన పక్షమే. ఎలుక పంచేంద్రియ జీవి. దానికి నొప్పి తెలియును, భయము తెలియును. పట్టి తెచ్చి వెన్ను విరిచి, దానిమీద మందు వేసి చూచుట మనకు తగునా అని నేను కూడ తల ఊపినాను. తరువాత కొన్ని దినములకు ఒక మనిషి నన్నొక ప్రశ్న అడిగినాడు. ఆ ప్రశ్న నా తలలోనుండి పోలేదు కనుక ఈ వ్యాసము వ్రాయుచున్నాను. నేను పండితుడను కాను, వైద్యుడనూ కాను. జహీరాబాదులో హైస్కూలు వరకు తెలుగు చదివి, బీదరు గాంధీగంజిలో మా తండ్రిగారి కందుల దుకాణములో కూర్చున్నవాడను. నాకు యాభైయారేండ్లు. నా మాటలో శాస్త్రవిరుద్ధమైనది ఉంటే విజ్ఞులు దిద్దవలెను.

ఆ మనిషి మా దుకాణపు హమాలి. పేరు వ్రాయను. 2017 జనవరిలో కందులు ముమ్మరముగా దిగుచున్న రోజులు. నూరు కిలోల బస్తా వీపున వేసికొని, లారీకి ఆనించిన పలకమీదుగా ఎక్కుచుండగా పలక జారినది. అతడు వెల్లకిల పడినాడు, బస్తా అతనిమీద పడినది. అప్పటికి అతనికి ముప్పది నాలుగేండ్లు. మేమంతా పరుగెత్తి వెళ్లినాము. నలుగురు కాళ్లు చేతులు పట్టి ఎత్తి, సరుకుల ఆటోలో పట్టక మోకాళ్లు మడిచి పడుకోబెట్టినారు. త్వరగా తీసుకొనిపొమ్మని కేకలు వేసినవాడను నేనే. అట్లు ఎత్తరాదనియు, వెన్ను విరిగినవానిని కదలకుండ నిడుపాటి పలకమీద చేర్చి మోయవలెననియు, మడిచి ఎత్తినందున విరిగిన ఎముక లోపలి నరమును ఇంకను నలిపివేయవచ్చుననియు నాకు హైదరాబాదులో వైద్యుడు చెప్పినప్పుడు తెలిసినది. పలక అక్కడే ఉన్నది. అతడు జారినది దానిమీదనుండియే.

హైదరాబాదులో శస్త్రచికిత్స చేసి వెన్నుకు లోహపు కడ్డీలు బిగించినారు. ఎముక అతికినది. కాళ్లు మాత్రము రాలేదు.

ఎముక అతికినను కాళ్లు ఎందుకు రావు? ఇది నాకు చాలా దినములు అర్థము కాలేదు. మన వెన్నుపూసల దండలో నడిమి రంధ్రము గుండ వెన్నుపాము దిగివచ్చును. అది సుమారు 45 సెంటీమీటర్ల పొడవు, చిటికెనవ్రేలి లావు. మెదడు ఆజ్ఞ కాళ్లకు పోవుటకును, కాళ్ల స్పర్శ మెదడుకు చేరుటకును అదే దారి. మూత్రము, మలము వచ్చినట్లు తెలియుటయు దానివల్లనే. చేతిలోనో కాలిలోనో నరము తెగితే దినమునకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున మరల పెరుగును. వెన్నుపాములోని నరము పెరుగదు. దెబ్బ తగిలిన గంటనుండి వాపు, నెత్తుటి ప్రసారము ఆగుట మొదలైన వానివల్ల చుట్టుప్రక్కల బాగుగా ఉన్న భాగము కూడ చెడును. ఆపైన మచ్చ కట్టును. నరముల పొరలోనే పెరుగుదలను ఆపివేసే పదార్థములు కూడ ఉన్నవట.

ఈ జబ్బు కొత్తది కాదు. సుమారు 3600 ఏండ్ల క్రిందటి ఈజిప్టు వైద్యపత్రమొకటి దొరికినది. మెడ విరిగి కాళ్లు చేతులు పడిపోయినవానిని గురించి అందులో వ్రాసి, ఇది చికిత్సకు లొంగనిదని ప్రక్కన పెట్టినారు. అప్పటినుండి మొన్నమొన్నటి వరకు ఆ తీర్పే నడిచినది. మొదటి ప్రపంచయుద్ధములో వెన్ను తెగిన సిపాయీలు చాలామంది కొద్ది నెలలలోనే మూత్రదోషముతోను, పడకపుండ్లతోను చనిపోయినారు. నాజీల బాధ తప్పించుకొని జర్మనీనుండి ఇంగ్లండు చేరిన గుట్‌మన్ అను యూదు వైద్యుడు 1944లో స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో ఒక వార్డు తెరచి, రోగిని రెండు గంటలకొకసారి ప్రక్కకు తిప్పవలెను, మూత్రము శుభ్రముగా తీయవలెను, చేతులకు పని చెప్పవలెను అని పట్టుబట్టినాడు. రోగులు బ్రతికినారు. చక్రాల కుర్చీలలో బాణములు వేసినారు. 1948లో అక్కడ మొదలైన ఆటలే నేటి పారాలింపిక్సు. ఇందుకు ఒక ఎలుక అయినను చావలేదు. రెండు గంటలకొకసారి లేచే మనిషి ఒకరు కావలసివచ్చినది, అంతే. మా హమాలి భార్య ఈ తొమ్మిదేండ్లుగా చేయుచున్నది అదే. అతనికి ఇంతవరకు పెద్ద పుండు పడలేదు.

మన దక్షిణాదిలో వేలూరు వైద్యకళాశాలలో మేరీ వర్గీస్ అను యువవైద్యురాలు ఉండెను. 1954లో కారు ప్రమాదములో ఆమె వెన్ను విరిగి కాళ్లు పోయినవి. ఆమె చక్రాల కుర్చీలో కూర్చుండియే కుష్ఠరోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేసినది. అమెరికాకు పోయి పునరావాస వైద్యము నేర్చి వచ్చి, 1966లో వేలూరులో ఇట్టి రోగుల కొరకు సంస్థను నెలకొల్పినది. 1972లో పద్మశ్రీ ఇచ్చినారు. ఆమె కాళ్లు మాత్రము 1986లో చనిపోవు వరకు రాలేదు.

ఇక కాళ్లు తెప్పించు ప్రయత్నములు. 1928లో స్పెయిన్ దేశపు మహాశాస్త్రజ్ఞుడు కహాల్, పెద్దవారి మెదడులోను వెన్నుపాములోను నరములు మరల పెరుగవని వ్రాసినాడు. ఆ మాట యాభై ఏండ్లు నిలిచినది. 1981లో కెనడాలో డేవిడ్, అగ్వాయో అను ఇద్దరు ఎలుక కాలినరము ముక్కను దాని వెన్నుపాముకు వంతెనవలె కుట్టిచూచినారు. వెన్నుపాము నరములు ఆ వంతెనలో పెరిగినవి! అనగా పెరుగు శక్తి ఉన్నది, చుట్టుప్రక్కల నేల అనుకూలముగా లేదని తేలినది. నేటి ఆశలన్నియు ఆ ఎలుకలనుండి వచ్చినవే.

2011 నుండి అమెరికాలోని లూయీవిల్లోను, తరువాత స్విట్జర్లాండులోని లోజాన్‌లోను వెన్నుపాము పైపొరమీద విద్యుత్ పలక అమర్చి, గాయమునకు దిగువ నిద్రలో ఉన్న నరములను లేపుచున్నారు. ఓస్కాం అను డచ్చి పౌరునికి మెదడుమీద ఒక యంత్రము, వెన్నుమీద ఒక యంత్రము అమర్చి, అతడు నడువవలెనని తలచిన తలపునే కాళ్లకు చేర్చినట్లు 2023లో ప్రకటించినారు. చేతులు పడిపోయినవారికి చర్మము పైనుండియే విద్యుత్తు పంపు యంత్రమును 60 మంది మీద పరీక్షించగా నూటికి 72 మందిలో బలము, పనితనము రెండును పెరిగినవని 2024లో ప్రకటించినారు. అదే యేడు డిసెంబరులో అమెరికా ప్రభుత్వము దానికి అనుమతి ఇచ్చినది. జపానులో కెయో విశ్వవిద్యాలయమువారు మూలకణములనుండి పెంచిన నరకణములను, ఒక్కొక్కరికి ఇరువది లక్షల చొప్పున, నలుగురు రోగుల వెన్నుపాములో ఉంచినారు. ఇద్దరికి కదలిక మెరుగైనదనియు, వారిలో ఒకరు నిలువగలుగుచున్నారనియు 2025 మార్చిలో చెప్పినారు. ఆ మూలకణములు పిండమునుండి తీసినవి కావు. శరీరకణములనే వెనుకకు మళ్లించి మూలకణములుగా మార్చు పద్ధతిని 2006లో యమనాక కనుగొన్నాడు. 2010లో అమెరికాలో ఒక సంస్థ మానవపిండ కణములతో వెన్నుపాముకు చికిత్స మొదలుపెట్టి, మరుసటి యేడు సొమ్ము చాలక మానివేసినది. పిండమును గురించి మనవారికి గల ఆక్షేపణ యమనాక పద్ధతివల్ల తొలగినది. ఎలుకను గురించిన ఆక్షేపణ తొలగలేదు.

ఎలుకకు ఏమి చేయుదురో దాచకుండ చెప్పవలెను. మత్తు ఇచ్చి, వీపు కోసి, ఎముక తొలగించి, వెన్నుపాము బయటపడగానే దానిమీద కొలిచిన బరువును కొలిచిన ఎత్తునుండి జారవిడుతురు. పది గ్రాముల కడ్డీ, 25 మిల్లీమీటర్ల ఎత్తు – ఇది వారు ఎక్కువగా వాడే తూకము. ఈ పద్ధతిని 1911లోనే అలెన్ అను వైద్యుడు కుక్కలమీద మొదలుపెట్టినాడు. తరువాత ఆ ఎలుకకు మూత్రము తనంతట రాదు కనుక దినమునకు రెండుసార్లు పొట్ట నొక్కి తీయుదురు. కొన్ని వారములు నడక గమనించి, చంపి, వెన్నుపాము కోసి చూతురు. పరిశోధకులు క్రూరులని నేననను. అనవసరమైన బాధ కలిగించరాదని మన దేశములో 1960 నాటి జంతుహింసా నివారణ చట్టమున్నది. రాజ్యసభలో రుక్మిణీదేవి అరుండేల్‌గారు 1953లో బిల్లు తెచ్చి పట్టుబట్టినందువల్లనే ఆ చట్టము వచ్చినది. అయినను ఆ చట్టము ప్రయోగములను నిషేధింపలేదు. వాటిమీద ఒక పర్యవేక్షణ సంఘమును మాత్రము పెట్టినది. ఇదేదో పరదేశములో జరుగునది అని కూడ అనుకొనరాదు. హైదరాబాదు ప్రక్కన జీనోమ్ వ్యాలీలో ప్రయోగజంతువుల కొరకు భారత వైద్య పరిశోధనా మండలివారి జాతీయ కేంద్రము 2022 డిసెంబరులో ప్రారంభమైనది.

మన మిత్రులొకరు ఒక వాదము చేయుదురు: శస్త్రవైద్యుడు కత్తితో కోయును, అది హింస కాదు గదా, భావము మంచిదైనప్పుడు దోషమేమున్నది? నాకీ ఉపమానము కుదరలేదు. శస్త్రవైద్యుడు ఎవనిని కోయునో వానినే బాగుచేయును. ఎలుకను కోసి బాగుచేయునది ఎలుకను కాదు. గృహస్థుడు వంట వండును, పిండి విసరును, వ్యాపారము చేయును, వాటిలో హింస తప్పదు, ఇదియును అట్టిదే అని మరియొకరు అందురు. వంటలో చీమ చచ్చిన మనము చూడక జరుగును. చూచుకొని నడువుమనియే శాస్త్రము. ఇక్కడ చూచి, తూచి, ఆ పనికే పెంచి చేయుదురు. కనుక దీనిని ఆరంభీ హింసలో కలిపివేయుట లెక్కలు సరిచేసికొనుటకు పద్దు మార్చి వ్రాసినట్లున్నది. ఈ పని మన వర్తకులకు బాగా తెలుసు.

ఇక రెండవవైపు. చేయుట, చేయించుట, చేసినదానిని మెచ్చుట – మూడును దోషమే అని మనము చిన్ననాటినుండి విన్నాము. అట్లయితే ఎలుకలమీద కనుగొన్న మందును వాడుకొన్నవాడు మెచ్చినవాడగునా? నేనీ ప్రశ్న వేసికొని మా ఇంటి ఫ్రిజ్జు తలుపు తెరచి చూచినాను. అందులో మా తమ్ముని ఇన్సులిన్ సీసా ఉన్నది. 1921లో టొరంటోలో బాంటింగ్, బెస్ట్ అనువారు కుక్కల క్లోమము తీసివేసి ఇన్సులిన్ కనుగొన్నారు. ఆపై అరువదేండ్లు పందుల, పశువుల క్లోమములనుండియే ఆ మందు వచ్చినది. మన వర్తక కుటుంబములలో చక్కెరవ్యాధి లేని ఇల్లు ఎన్ని? ఆ సూది వేసికొన్న మన తాతలను మనము వ్రతభ్రష్టులని అన్నామా? 1982 నుండి సూక్ష్మజీవులలో తయారుచేసిన ఇన్సులిన్ వచ్చినది, పశువు అవసరము తప్పినది. హింసతో పుట్టిన మందు క్రమముగా హింస తగ్గించుకొనుట ఉన్నది. అది తనంతట జరుగదు, అడిగేవారుంటేనే జరుగును.

అందువలన నేను ఒక నిర్ణయమునకు వచ్చినాను. మంచములో ఉన్నవాడు దొరికిన మందు తీసికొనుటను తప్పుపట్టు అధికారము మనకు లేదు. కాని మన చేతినుండి పోవు సొమ్మును గురించి అడుగు అధికారము, బాధ్యత రెండును ఉన్నవి. ఔషధదానము, అభయదానము రెండును మన నాలుగు దానములలోనివే. ఒకదానికొరకు రెండవది తెంచకుండ ఇచ్చుటకు దారి ఉన్నదా అని వెదకినాను.

కొంత ఉన్నది. 2012లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమువారు 34 పెంపుడు కుక్కలమీద చేసిన పరిశోధన ప్రకటించినారు. వాటి వెన్ను ఎవ్వరును విరువలేదు. ప్రమాదములవల్లనో, వెన్నుపూసల మధ్య పలక జారుటవల్లనో అవి వెనుకకాళ్లు పోగొట్టుకొన్నవి. యజమానులు తామే తీసికొనివచ్చినారు. ఆ కుక్క ముక్కులోని పొరనుండి కణములు తీసి, పెంచి, ఆ కుక్క వెన్నుపాములోనే ఉంచినారు. పోల్చిచూచుటకు కొన్నింటికి కణములు లేని ద్రవము మాత్రమే ఇచ్చినారు. కణములు పొందినవాటిలో ముందుకాళ్లకు వెనుకకాళ్లకు నడకలో పొందిక తిరిగి వచ్చినది. పూర్తిగా బాగుకాలేదు, మూత్రము స్వాధీనము కాలేదు. అయినను ఇక్కడ రోగి, ప్రయోగజీవి ఒక్కటే. శస్త్రవైద్యుని ఉపమానము ఇక్కడ కుదురును. మన బీదరులోనే పశువైద్య విశ్వవిద్యాలయము ఉన్నది. లారీ తగిలి వెనుకకాళ్లు ఈడ్చుకొను కుక్కలు గంజిలో ఎప్పుడును ఒకటి రెండు కనబడును. వాటికి చికిత్స చేయుచు నేర్చుకొనుటకు సొమ్మిత్తుము, వీలగునా అని అక్కడి ఆచార్యులను అడిగి చూడవచ్చును గదా. హైదరాబాదు సీసీఎంబీలో జంతువులకు బదులు మానవకణ నమూనాలమీద పరీక్షించు పద్ధతులపై పని జరుగుచున్నది. 2023లో మన దేశపు కొత్త మందుల నియమములు సవరించి అట్టి పద్ధతులను కూడ అంగీకరించినారు.

ఇంత చెప్పి నా లెక్క శుభ్రమైనదని చెప్పలేను. జపానులో ఆ నలుగురికి వేసిన కణములను ముందు చుంచులమీద, చిన్న కోతులమీద చూచియే వేసినారు. లోజాన్ యంత్రము కూడ ఎలుకలమీదుగానే వచ్చినది. ఆ పద్దు ఉన్నది, కొట్టివేయుటకు వీలులేదు. ఎలుకలో పని చేసినది మనిషిలో చేయకపోవుటయు ఉన్నది. 1990 నుండి గాయమైన ఎనిమిది గంటలలోపల ఎక్కువ మోతాదులో ఒక స్టెరాయిడు మందు ఇచ్చుట దేశదేశములలో వాడుకయైనది. 2013లో అమెరికా నరశస్త్రవైద్యుల సంఘములే అది వలదన్నవి. నరముల పెరుగుదలను ఆపు పదార్థమును కనుగొన్న జూరిచ్ శాస్త్రజ్ఞుడు ష్వాబ్ 1990లోనే ఎలుకలలో దానికి విరుగుడు చూపినాడు. మనుష్యులలో పెద్ద పరీక్ష ఫలితము 2024 చివరకు వచ్చినది. అందరినీ కలిపి చూస్తే తేడా లేదు, పాక్షికముగా తెగినవారిలో కొంత మేలు కనబడినది. ముప్పది నాలుగేండ్లు!

ఈ ఆలస్యమును సహింపలేనివారిని దోచుకొనువారున్నారు. ఆ దెబ్బ నేనును తిన్నాను. 2019లో ఒక పెద్ద నగరములో మూలకణముల సూదితో నడిపింతుమని ఒక వైద్యాలయమువారు కాగితము పంపినారు. హమాలి భార్య అది తెచ్చి నా ముందు పెట్టినది. పాపభారముతో ఉన్నవాడు బేరము చేయడు. మూడు లక్షలు కట్టినాను. మూడు సూదులు వేసినారు, ఏమియు కాలేదు. భారత వైద్య పరిశోధనా మండలివారు 2017లోనే నియమములు ప్రకటించినారట: రక్తవ్యాధులు మొదలైనవాటికి చేయు మూలుగ మార్పిడి తప్ప మూలకణముల చికిత్స ఏదియు ఆమోదింపబడలేదు, తక్కినవి అనుమతిపొందిన పరీక్షలుగానే చేయవలెను. మనము సరుకు కొనునప్పుడు పిడికెడు గింజలు అరచేతిలో పోసి చూతుము. ఆనాడు నేను ఆ పని చేయలేదు.

ఇప్పుడు మొదట చెప్పిన ప్రశ్న. ఆ హమాలి ఇప్పుడు మా దుకాణములో చక్రాల కుర్చీలో కూర్చుండి కాంటా లెక్క వ్రాయును. పర్యూషణ సభలో జరిగినది గుమాస్తా అతనికి చెప్పినాడు. మరునాడు నేను వచ్చినప్పుడు అతడు చీటీల మీదినుండి తల ఎత్తకుండనే అన్నాడు: “సేటూ, ఎలుక వీపు మీద బరువు ఏస్తరు, అది పాపమని మీరంత అన్నరట. మంచిదే. ఎంత బరువు సేటూ?”

పది గ్రాములని చెప్పినాను.

“గంతేనా?” అన్నాడు. ఆ పైన మాట్లాడలేదు.

అహింసాణువ్రతమునకు అయిదు అతిచారములు మన పిల్లలు కూడ పాఠశాలలో వల్లించుదురు: కట్టివేయుట, కొట్టుట, అవయవము కోయుట, మోయలేని బరువు వేయుట, అన్నపానములు ఆపుట. నాలుగవది అతిభారారోపణము. పశువుల విషయములో దీనిని మన పెద్దలు గట్టిగా పాటించినారు. మా తాతగారు ఎద్దుబండిమీద అధికముగా బస్తా వేయనిచ్చేవారు కాదు, ఎద్దు నోట నురుగు చూస్తే బండి ఆపించేవారు. అదే తాతగారి దుకాణములో హమాలీలు నూరు కిలోలు మోసినారు. నా తండ్రిగారి కాలములోను, నా కాలములోను మోసినారు. వాడు కూలికి ఒప్పుకొని మోయుచున్నాడు గదా అని మేమనుకొన్నాము. ఎద్దు ఒప్పుకొనలేదు కనుక దానిమీద దయ, మనిషి ఒప్పుకొన్నాడు కనుక బరువు – ఇది ఏ శాస్త్రములోనిదో నాకు తెలియదు. పురుషుడు మోయదగిన గరిష్ఠ బరువు 55 కిలోలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లోనే సిఫారసు చేసినది. అందులో సగమునకు సగము అధికమా తక్కువా అని చూచు అలవాటు మాకు తూకములో ఉన్నది, వీపులో లేదు.

2017 తరువాత మా దుకాణములో బస్తా 50 కిలోలు చేసినాము. ఇది చెప్పినంత తేలికగా జరుగలేదు. మొదట ఎదురుతిరిగినవారు హమాలీలే. వారి కూలి బస్తా లెక్క. బస్తా సగమయితే నడక రెట్టింపు, కూలి అంతే, ఇదెక్కడి దయ సేటూ అని అడిగినారు. వారిదే న్యాయము. క్వింటాలు తూకముమీద కూలి కట్టి, రెండు నడకలకు కొంత అధికము చేర్చితే ఒప్పుకొన్నారు. సంచులు రెట్టింపైనవి, కుట్టుకూలి పెరిగినది. పరవూరి ఖరీదుదారులు ఇద్దరు, మీ దుకాణములో ఖర్చు ఎక్కువని ప్రక్క అడితికి పోయినారు. ఒకరు తిరిగి వచ్చినారు, ఒకరు రాలేదు. రెండు చక్రాల తోపుడుబండ్లు నాలుగు కొన్నాము. లారీకి ఆనించు పలకకు క్రింద ఇనుపకొక్కెములు పెట్టించినాము, దానికి ఆనాడు అయిన ఖర్చు పదునొకండు వందల రూపాయలు. ఆ పదునొకండు వందలు 2016లో నా పెట్టెలో లేవా అని అప్పుడప్పుడు అనుకొందును.

దుకాణము గోడకు ఒక నిడుపాటి పలక, నాలుగు పట్టీలు తగిలించి ఉంచినాము. పడినవానిని కూర్చుండబెట్టరాదు, నీళ్లు త్రాగించుటకు తల ఎత్తరాదు, మెడయు నడుమును ఒక్క తిన్నగా ఉంచి నలుగురైదుగురు కలిసి ఒక్కసారి పలకమీదికి చేర్చవలెను. ఈ మాట గంజిలో ప్రతి దుకాణమువారును తమ మనుష్యులకు నేర్పవలెనని నా మనవి. ప్రపంచములో ఏ పరిశోధకుడును ఇంతవరకు చేయలేని మేలు ఆ మొదటి పది నిమిషములలో మన చేతిలో ఉన్నది.

పెద్దాయనను నేను మరల కలిసినాను. కుక్కల వైద్యము సంగతియు, అతిచారము సంగతియు చెప్పినాను. ఆయన చాలాసేపు ఊరకుండి, “మిగిలిన సొమ్ములో సగము పశువైద్యశాలవారిని అడుగుదాము. సగముతో గంజిలో పలకలు, బండ్లు కొందాము. ఎలుకల మాట మాత్రము నేను మార్చుకోను” అన్నారు. మార్చుకొనుమని నేనును అడుగలేదు. మహావీర జయంతి తరువాతి సభలో ఇది ప్రతిపాదనగా వచ్చును. వ్యతిరేకించువారు కొందరున్నారు. సంఘము సొమ్ము హమాలీల బండ్లకు ఎందుకు, అది దుకాణదారుల ఖర్చు గదా అని వారి ఆక్షేపణ. ఆ ఆక్షేపణలో న్యాయమున్నది. బండ్ల ఖర్చు ఎవరి దుకాణమువారు వారే పెట్టుకొందురా అని నేను అడుగదలచినాను.

జపాను వార్త వచ్చిన దినములలో ఒకనాడు కాంటా దగ్గర అతడు నన్నడిగినాడు: “జపానుల ఒకడు లేచి నిలబడ్డడంట గద సేటూ?” అవునన్నాను. గాయమైన రెండు మూడు నాలుగు వారములలోపల వేసిన కణములనియు, నలుగురిలో ఇద్దరికే మేలు కనబడినదనియు, ఎనిమిదేండ్ల గాయమునకు ఇంకను ఎవ్వరును చెప్పలేరనియు ఉన్నది ఉన్నట్లు చెప్పినాను. ఈసారి కాగితము నేను రెండుసార్లు చదివి ఉంటిని. అతడు వ్రేళ్లమీద వారములు లెక్కపెట్టుకొన్నాడు. “నిలబడ్డడు గదా” అన్నాడు. అంతలో బస్తా కాంటా ఎక్కినది. యాభై కిలోల రెండువందల గ్రాములు. అతడు పైకి చదివి వ్రాసికొన్నాడు.